పళ్ల చికిత్స తర్వాత ఏం తినాలి? జావ, ఇడ్లీ, కిచిడీ, గుడ్డు, చేప... ఎవరికి ఏది నప్పుతుంది

పన్ను పీకినా, జ్ఞానదంతం తీసినా, రూట్ కెనాల్ చేసినా చివర్లో డాక్టరు చెప్పే మాట ఒకటే: “రెండు మూడు రోజులు మెత్తటివి తినండి.” ఆ మెత్తటివి ఏమిటో అడగాలంటే దవడ మొద్దుబారి మనకి మాటే రాదు. ఇంటికొస్తే ఒకరు జావ తాగమంటారు, ఒకరు పాలల్లో బ్రెడ్డు ముంచుకోమంటారు, ఫోన్ చేసిన పిన్ని ఐస్‌క్రీం తినమంటుంది. ఎవరి మాటా తప్పు కాదు. కాకపోతే పన్ను పీకించుకున్నవాళ్లకి హాయిగా ఉండే ఐస్‌క్రీం, క్లీనింగ్ చేయించుకున్నవాళ్లకి జివ్వుమని లాగుతుంది. ఒక పూటకి బాగుండే జావ మీద వారం గడిపితే లేచి నిలబడటానికి ఓపిక ఉండదు.

అందుకని విశాఖలో సులువుగా దొరికేవాటినే తీసుకుని, ఏది ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో చూద్దాం. మీ డాక్టరు మీకంటూ ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే వినండి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

జరిగిన చికిత్స ఏది? పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకకీ నరాలకీ ఆ గడ్డే మూత. అది ఊడిపోతే వచ్చేదాన్నే డ్రై సాకెట్ అంటారు. రెండో రోజో మూడో రోజో మొదలై చెవి దాకా లాగే నొప్పి అది. అందుకే మొదటి 24 గంటలు గట్టిగా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. సిగరెట్టు, చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) ఆ రోజుతో ఆగకుండా కనీసం మూడు రోజులైనా మానాలి. రూట్ కెనాల్‌లో ఇలా తెరుచుకున్న గుంట ఉండదు. అక్కడ భయం తాత్కాలిక ఫిల్లింగ్ ఊడుతుందేమోనని, క్యాప్ (పన్ను మీద వేసే తొడుగు) పడేలోపు పన్ను విరుగుతుందేమోనని. కాబట్టి వాళ్లకి ఎక్కువ చేటు చేసేవి చిన్న గింజలు కాదు, గట్టివీ అంటుకునేవీ.

పోపు. ఈ సంగతి చాలామందికి తట్టదు. మన వంటలో కారం గురించి అందరూ హెచ్చరిస్తారు, ఆవాల గురించి ఎవరూ చెప్పరు. పన్ను తీసిన గుంటలో ఆవగింజ, జీలకర్ర, శనగపప్పు ముక్క చక్కగా కూర్చుంటాయి. తీద్దామని టూత్‌పిక్ పెడితే గడ్డ కదులుతుంది. నువ్వులు, గసగసాలు, టమాటా గింజలు, పల్లీ పలుకులు కూడా ఇదే కోవ. వారం పాటు తాలింపు మానేయండి. వాసన కావాలంటే నేతిలో ఇంగువ, చిటికెడు జీలకర్ర పొడి వేస్తే చాలు.

వేడి. కింది దవడకి ఇచ్చిన ఇంజెక్షన్ మొద్దు మూడు నాలుగు గంటలు కూడా ఉంటుంది. ఆ సమయంలో పెదవి కొరుక్కున్నా, నాలుక కాలినా తెలియదు. మొద్దు వదిలేదాకా నమిలేవి ఏవీ వద్దు, పిల్లల విషయంలో మరీ ముఖ్యం. మొద్దు వదిలాక కూడా ఆ రోజంతా గోరువెచ్చనిదో చల్లనిదో తినాలి. పొగలు కక్కే టీ రక్తస్రావాన్ని మళ్లీ మొదలుపెట్టగలదు.

మాంసకృత్తులు (ప్రోటీన్లు). పుండు మానాలంటే ఇవి కావాలి. 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. జావ, బ్రెడ్డు, పళ్ల రసాలతో ఇందులో సగం కూడా రాదు. ఈ వ్యాసమంతటికీ నా అసలు గొడవ ఇదే. మెత్తగా ఉంటే చాలనుకుని ఉత్త పిండి, చక్కెర తింటూ “నీరసంగా ఉంది, మందులు పడట్లేదు” అనుకుంటాం.

చేసిపెట్టేది ఎవరు? ఇంట్లో మనిషి ఉంటే ఒక దారి, మద్దిలపాలెం హాస్టల్లో ఒక్కరే ఉంటే ఇంకో దారి.

## ఒక్క చూపులో

| తిండి | పన్ను పీకిన రోజు | మూడో రోజు నుంచి | రూట్ కెనాల్, క్యాప్ | మాంసకృత్తులు |
|---|---|---|---|---|
| చోడి (రాగి) జావ | సరే, చల్లార్చి | సరే | సరే | తక్కువ |
| ఇడ్లీ | రాత్రికి, పాలల్లో నానబెట్టి | బాగుంటుంది | చాలా బాగుంటుంది | ఓ మోస్తరు |
| పెసరపప్పు కిచిడీ | మెత్తగా జారుగా చేసి | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగా |
| పెరుగన్నం | అన్నం మెదిపి, పోపు లేకుండా | బాగుంటుంది | బాగుంటుంది | ఓ మోస్తరు |
| గుడ్డు | పొరటుగా | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగా |
| చేప | వద్దు | ముల్లు లేనిది, తడిగా | బాగుంటుంది | బాగా |
| ఐస్‌క్రీం | హాయి | అవసరం లేదు | చల్లదనం లాగితే వద్దు | తక్కువ |

## జావ: పేరు ఎక్కువ, బలం తక్కువ

మన వైపు చోడి జావ అంటే సర్వరోగ నివారిణి. చోళ్లలో సున్నం (కాల్షియం) బాగా ఉంటుంది, వంద గ్రాముల పిండిలో 300 మిల్లీగ్రాములకు పైనే. కానీ ఒక గ్లాసు జావకి మనం వేసేది రెండు చెంచాల పిండి. అందులో మాంసకృత్తులు రెండు గ్రాములు ఉంటే గొప్ప. మొదటి పూటకి ఇంతకన్నా సులువైనది లేదన్నది నిజమే, నమలక్కర్లేదు, గుంటలో ఇరుక్కునేది ఏమీ ఉండదు. రెండో పూట నుంచి మాత్రం నీళ్లకి బదులు పాలతో కాయండి, లేదా చల్లారాక చిక్కటి మజ్జిగ కలిపి అంబలి చేసుకోండి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి నంజుకోవడం ఈ వారానికి మానేయండి.

ఏ జావైనా గ్లాసుతోనో చెంచాతోనో తాగాలి, స్ట్రాతో కాదు. కొబ్బరిబొండానికీ ఇదే వర్తిస్తుంది. బీచ్ రోడ్డులో బొండాం కొట్టి స్ట్రా గుచ్చి ఇస్తారు కాబట్టి గ్లాసులో పోయించుకోండి. బాదంపాలు, లస్సీ కూడా అంతే.

## ఇడ్లీ: నమ్మకమైనదే, తోడు చూసుకోండి

పది అడుగులకో టిఫిన్ సెంటరున్న ఊళ్లో ఇడ్లీకి లోటు లేదు. ఒక్కో ఇడ్లీలో రెండు గ్రాముల దాకా మాంసకృత్తులు, నాలుగు తింటే ఎనిమిది. ఇబ్బంది పెట్టేది ఇడ్లీ కాదు, పక్కన పోసే సాంబారు కారం, పల్లీ చట్నీలో పలుకులు, పైన వేసే పోపు. ఉత్త ఇడ్లీ పొడిగా గొంతుకి అడ్డం పడుతుంది కూడా. గోరువెచ్చటి పాలల్లోనో పలచటి పప్పుకట్టులోనో నానబెట్టి చెంచాతో తింటే దిగుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లయితే గుడ్డ కట్టి మినపపిండితో ఆవిరికుడుము వేసుకోండి. రవ్వ తగలదు, మినప్పప్పు వాటా ఎక్కువ కాబట్టి బలమూ ఎక్కువ. ఉప్మా మాత్రం ఇడ్లీకి సాటి రాదు. బొంబాయి రవ్వ మెత్తగానే అనిపిస్తుంది గానీ రేణువులు గుంటలో చేరతాయి, పోపు సరేసరి.

## పెసరపప్పు కిచిడీ: ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దీనికే

పిడికెడు పెసరపప్పులో, అంటే 50 గ్రాముల్లో, దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు. బియ్యం, పప్పు సమానంగా తీసుకుని ఆరింతల నీళ్లు పోసి, రెండు ముక్కలు ఆనపకాయో గుమ్మడికాయో వేసి ఐదారు విజిళ్లు రానివ్వండి. మూత తీశాక పప్పుగుత్తితో ఎనపండి. గరిటె ఎత్తితే ముద్దగా పడకుండా జారాలి, అప్పుడు సరిగ్గా ఉన్నట్టు. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి తినేముందు వేడినీళ్లు కలిపి మళ్లీ పలచన చేసుకోవాలి. నెయ్యి, ఉప్పు, ఇంగువ చాలు. మిరియాల పొడి కూడా రెండు రోజులయ్యాకే.

ఆకుకూర వేయాలనుకుంటే పాలకూర ఉడికించి మిక్సీ పట్టి కలపండి. తోటకూర పీచు కుట్లకి చుట్టుకుంటే తీయడం నరకం. పళ్ల వరస సరిచేసే క్లిప్పులున్నవాళ్లకీ ఇదే గోల.

పసుపు వేసి చేస్తే మాత్రం ఇది ఒక్కరికి పనికిరాదు: పళ్లు తెల్లబరిపించుకుని వచ్చినవాళ్లకి. ఒకటి రెండు రోజులు పళ్లకి రంగు త్వరగా పట్టే అవకాశముంది కాబట్టి పసుపు, టీ, కాఫీ, ఎర్రటి పులుసులు వద్దంటారు. వాళ్లు పెరుగన్నం, ఇడ్లీ, కొబ్బరి చట్నీతో గడిపేయాలి. అరకు కాఫీ కూడా ఆ రెండు రోజులు ఆగాల్సిందే.

## పెరుగన్నం

అన్నం ఇంకొంచెం ఉడికించి మెదిపి, పాలూ పెరుగూ కలిపితే కడుపుకీ నోటికీ చల్లన. బయట కొంటే మాత్రం అందులో ఆవాలు, శనగపప్పు, దానిమ్మ గింజలు, జీడిపప్పు ముక్కలు ఉంటాయి. ఆర్డర్ చేసి గింజలు ఏరుకునే బదులు ఒక పెరుగు ప్యాకెట్ కొని ప్లెయిన్ రైస్‌లో కలుపుకోవడం నయం. వంద గ్రాముల పెరుగులో మూడు గ్రాముల చిల్లర మాంసకృత్తులు, కాబట్టి దీనికి పప్పో గుడ్డో తోడుండాలి.

## గుడ్డు: తక్కువ శ్రమ, ఎక్కువ ఫలం

ఒక గుడ్డుకి ఆరు గ్రాముల మాంసకృత్తులు. నోరు అరవేలు కూడా తెరుచుకోని జ్ఞానదంతం కేసుల్లో దీనికి సాటి లేదు. అయితే ఉడకబెట్టిన గుడ్డు వద్దు. తెల్లసొన రబ్బరులా ఉండి నమలాలి, పచ్చసొన పొడిపొడిగా చిగుళ్లకి అతుక్కుంటుంది. గుడ్డు గిలక్కొట్టి రెండు చెంచాల పాలు కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ, ఇంకా తడితడిగా ఉండగానే దించేయండి. బాణలి వేడికే మిగతాది ఉడుకుతుంది. ఉల్లి, మిర్చి లేని ఈ పొరటు చప్పగా ఉందనిపిస్తే కిచిడీలో కలిపేసుకోండి. రెండూ కలిస్తే ఒక పూటకి ఇరవై గ్రాములు దగ్గరకొస్తాయి.

గుడ్డు తిననివాళ్లకి పనీరు ఉంది, వంద గ్రాములకి 18 గ్రాముల దాకా. ప్యాకెట్ పనీరు గట్టిగా సాగుతుంది. పావుగంట వేడినీళ్లలో ఉంచి చేత్తో మెదిపి పప్పులో కలపాలి. ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసుకున్నది ఇంకా మెత్తన.

## చేప: విశాఖవాళ్లకి ఉన్న వరం, కానీ ముల్లు చూసుకుని

చేప మాంసం కోడికన్నా, మేకకన్నా తేలిగ్గా విడిపోతుంది. వంద గ్రాములకి 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు. ఎటొచ్చీ ఏ చేప అన్నదే ప్రశ్న. కానాగంతలు, కవళ్లు రుచికి ఎంత మంచివైనా సన్నముళ్లు ఎక్కువ, ఈ వారం వాటి జోలికి పోవద్దు. పండుగప్ప పెద్ద పొరలుగా విడుతుంది. చందువలో ముల్లు నడిమి వరుసలోనే కాబట్టి తీసేయడం తేలిక. వంజరం ముక్క గట్టిది, మెత్తబడేదాకా ఉడకనివ్వాలి.

ఇక సొర. దానికి ఉండేది ఎముక కాదు, మృదులాస్థి, కాబట్టి సన్నముళ్ల బెడద లేదు. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, ఇసుకకాగితంలా ఉండే తోలు లాగేసి, ముక్కలు చిదిపితే సగం పని అయినట్టే. మామూలుగా సొర పిట్టు పొడిపొడిగా వేయిస్తాం, ఆ పొడి గుంటలోకి పోతుంది. కాబట్టి మిర్చి లేకుండా, అల్లం వెల్లుల్లి మెత్తగా నూరి, తడిగా ఉండగానే దించి పప్పన్నంలో కలుపుకోవాలి. పన్ను తీయించుకున్నవాళ్లు మూడు రోజుల తర్వాతే. సొరలో పాదరసం మిగతా చేపల కన్నా ఎక్కువ చేరుతుంది కాబట్టి గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ చిన్నపిల్లలకీ వద్దు, వాళ్లకి చందువ పెట్టండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్లో తాజా సరుకు పలచబడి ధర పెరుగుతుంది. వేసవిలో పళ్లు చేయించుకునేవాళ్లు గుడ్డు, పప్పు మీద ఆధారపడటమే సుఖం.

చింతపండు పులుసు మొదటి నాలుగైదు రోజులు పుండు మీద మంట పెడుతుంది. చేప ఆవిరి మీద ఉడికించి నెయ్యి వేసుకోండి, పులుసు వచ్చే వారానికి ఎక్కడికీ పోదు.

## పళ్లు, తీపి

చక్కెరకేళి, బొప్పాయి, సపోటా హాయిగా తినొచ్చు. సీతాఫలం మెత్తనే గానీ గింజ ఉమ్మాలి, ఆ ఉమ్మడమే వద్దన్నారు. మామిడి రసాల సీజనైతే కాయ పిసికి నోట పెట్టి పీల్చాలనిపిస్తుంది. స్ట్రాతో పీల్చినా, మామిడి టెంక పీల్చినా గడ్డకి ఒకటే. రసం తీసి వడకట్టి చెంచాతో తినండి. ముంజలు చల్లగా జారిపోతాయి, ఉక్కపోతకి మంచివి, బలం మాత్రం ఆశించవద్దు.

మాడుగుల హల్వా మెత్తనిదే కదా అని ఎవరైనా తెచ్చిపెడితే, తాత్కాలిక క్యాప్ ఉన్నవాళ్లు ముట్టుకోకండి. గోధుమపాల జిగురు క్యాప్‌ని పట్టి లాగుతుంది. బెల్లం జీళ్లు, చిక్కీ కూడా అదే దారి.

## మీరు ఏ రకం?

జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లు. మొదటి రోజు చల్లటి జావ, గింజలు లేని ఐస్‌క్రీం, మెదిపిన పెరుగన్నం. రెండో రోజు నుంచి కిచిడీ, పొరటు. 24 గంటల తర్వాత తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి, గలగలా పుక్కిలించవద్దు. చాలామందికి మెట్రోనిడజోల్ రాస్తారు. దాంతో నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉంటుంది, ఏం తిన్నా రుచించదు. అది మందు గుణం, వంట తప్పు కాదు. ఆ మాత్ర వాడే రోజుల్లోనూ, ఆపాక మూడు రోజుల దాకానూ మద్యం తాకకూడదు. డాక్సీసైక్లిన్ లాంటివి రాస్తే పాలతో వేసుకోవద్దు, మందు సరిగా ఒంటికి పట్టదు.

రూట్ కెనాల్ మధ్యలో ఉన్నవాళ్లు. మీకు దాదాపు అన్నీ తినే వీలుంది, రెండో వైపు నమిలితే చాలు. మీరు జావకి దిగాల్సిన పనే లేదు. ఇడ్లీ, అన్నం, చేప తింటూ క్యాప్ పడేదాకా గట్టివి మానండి.

కొత్త కట్టుడు పళ్లవాళ్లు. ఒక వైపే నమిలితే సెట్టు లేచిపోతుంది. చిన్న ముద్దలు రెండు వైపులా సర్దుకుని నమలాలి. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి నోట్లో ముల్లున్నా తెలియదు. మా అత్తయ్యగారికి సెట్టు పెట్టించాక ఆవిడ కంచంలో చేప ముందు మేమే చేత్తో తడిమి చూసి పెట్టేవాళ్లం. ఆవిడకి నామోషీ అనిపించినా సరే.

క్లిప్పులు బిగించుకొచ్చిన పిల్లలు. రెండు మూడు రోజులు నొప్పి, తర్వాత మామూలే. ఆ రోజుల్లో కిచిడీ, పొరటు, నెయ్యన్నం. స్కూలు బాక్సులో చపాతీ పెట్టి పంపకండి, తినకుండా తెస్తారు.

షుగర్ ఉన్నవాళ్లు. జావ, రసాలు, ఐస్‌క్రీం త్వరగా చక్కెర పెంచుతాయి, మెత్తటి చోడిపిండి జావ కూడా. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది: నొప్పికి తినడం మానేసి మాత్రో ఇన్సులినో మామూలుగా తీసుకుంటే చక్కెర పడిపోతుంది. డోసు సంగతి డాక్టర్ని ముందే అడిగి, పొరటు, పప్పు, పెరుగు మీద ఉండండి.

హాస్టల్లో, రూముల్లో ఉండేవాళ్లు. పొద్దున చట్నీ లేకుండా ఇడ్లీ, పాలు. మధ్యాహ్నం ప్లెయిన్ రైస్, పెరుగు, అరటిపండు. రాత్రికి మెస్‌లో ముద్దపప్పు పోపు పెట్టకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టమని చెప్పండి, ఎవరూ కాదనరు. కెటిల్ ఉంటే పాలల్లో ఓట్స్ మెత్తబడేదాకా నానబెట్టుకోవచ్చు.

## మామూలు తిండికి ఎప్పుడు

పన్ను తీయించుకున్నవాళ్లకి రోజురోజుకీ నొప్పి తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. తగ్గిన నొప్పి మూడో రోజు మళ్లీ ఎక్కినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా, వాపుతో మింగడం కష్టమైనా తిండి మార్చి లాభం లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అంతా బాగుంటే వారం తర్వాత పలచటి పప్పుచారులో నానిన చపాతీ, కాస్త కారం, కొంచెం పులుపు మొదలుపెట్టండి. రొయ్యలు, కోడికూర ఆ తర్వాత. బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు, మురీ (మరమరాల) మిక్చర్ అన్నిటికన్నా చివర. అవి రెండూ సరిగ్గా గుంటలోకే వెళ్తాయి, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయించుకున్నవాళ్లయితే ఆ వైపుతో గట్టివి కొరకడానికి డాక్టరు సరే అనేదాకా కొన్ని నెలలు పట్టొచ్చు.